గుయ్యిమనని కంప్యూటర్ కావాలా? ఇవిగో చిట్కాలు

ఇంటి నుంచి ఆఫీసు పని మొదలయ్యాక అందరి ఇళ్లలోనూ ఒక మూల కంప్యూటర్ టేబులు వెలిసింది. దాంతోపాటే పొద్దస్తమానం గుయ్యిమనే మోత కూడా దిగింది. మా ఇంట్లో మావారి గది పక్కనే మా అత్తగారి మంచం, అయినా ఆవిడ మధ్యాహ్నం నిద్ర చెడిన రోజు లేదు. మేం కొన్నవేమీ ఖరీదైన సామాన్లు కావు, వేడి తక్కువ పుట్టించేవి చూసి కొన్నాం, అంతే. వేడి తగ్గితే ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తే మోత ఉండదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే షాపులో ఎవరేం చెప్పినా మీరు తొణకరు.

1. కొనే ముందు, ఆ కంప్యూటర్‌తో ఏం చేస్తారో కాగితం మీద రాసుకోండి. మీటింగులు, ఎక్సెల్, టాలీ, పిల్లల క్లాసులు, యూట్యూబ్ ఇంతే అయితే గ్రాఫిక్స్ కార్డు కొట్టేయండి. పెద్ద ఖర్చు, దాని ఫ్యాన్ల రొద రెండూ పోతాయి.

2. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న రకం అడగండి: రైజెన్ 5 5600జి, ఇంటెల్ ఐ5 12400 లాంటివి. రెండూ 65 వాట్ల తరగతివే, ఇంటి పనికి బోలెడు.

3. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొంటేగానీ తెర మీద బొమ్మ రాదు. కె అని ఉంటే వేడి ఎక్కువ; ఈ రెండు అక్షరాలూ లేనిదే మన సరుకు.

4. పెద్ద గేములు ఆడే అబ్బాయి ఇంట్లో ఉంటే కార్డు తప్పదు కదా, అప్పుడు పని తక్కువున్న వేళ ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే రకం తీసుకోండి. జీరో ఆర్‌పీఎం అని పెట్టె మీదే రాసి ఉంటుంది. పగలు మీరు మెయిల్స్ చూసుకునేటప్పుడు కిక్కురుమనదు.

5. విండోస్, ఫైళ్లు అన్నీ ఎస్ఎస్‌డీ మీదే పెట్టండి, అందులో తిరిగే భాగమే లేదు కాబట్టి చప్పుడు సున్నా. బోర్డులోకి నేరుగా దిగే ఎం.2 రకమైతే వైర్లు కూడా తగ్గుతాయి.

6. పెళ్లి ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి పెద్ద హార్డ్ డిస్క్ కావాలంటే బయట పెట్టుకునేది కొని, అవసరమైనప్పుడే తగిలించండి. లోపల పెట్టాల్సి వస్తే 7200 బదులు 5400 ఆర్‌పీఎం డిస్క్ అడగండి, కిరకిర తగ్గుతుంది.

7. లోపలి హార్డ్ డిస్క్ బుర్రుమని క్యాబినెట్‌ని కూడా వణికిస్తోందా? దర్జీ షాపులో దొరికే వెడల్పాటి ఎలాస్టిక్‌ని డ్రైవ్ పెట్టే గూట్లో ఇటూ అటూ బిగించి, డిస్క్‌ని దాని మీద కదలకుండా కూర్చోబెట్టండి; వణుకు రేకుకి అందదు. కంప్యూటర్‌ని ఊళ్లకు మోసుకెళ్లేవాళ్లు మాత్రం ఇది చేయకండి.

8. క్యాబినెట్ ముందువైపు అద్దం కాకుండా జాలీ ఉన్నది ఎంచుకోండి. గాలి ధారాళంగా లోపలికి వెళ్తే ఫ్యాన్ అరవాల్సిన పనిలేదు. అద్దం తలుపులు షాపు షోకేసులో చూడ్డానికే బాగుంటాయి.

9. ఫ్యాన్ ఎంత పెద్దదైతే అంత మంచిది: 80 మి.మీ. వద్దు, 120 గానీ 140 గానీ తీసుకోండి. పెద్ద ఫ్యాన్ మెల్లగా తిరిగినా సరిపడా గాలి తోస్తుంది.

10. ఒక్క ఫ్యాన్‌ని జోరుగా తిప్పేకన్నా రెండింటిని నెమ్మదిగా తిప్పండి. ముందు ఒకటి, వెనక ఒకటి చాలు. ఆరేడు బిగించడం డబ్బు దండగ.

11. ప్రాసెసర్‌తో ఉచితంగా వచ్చే బుల్లి కూలర్‌ని దాచుకోండి, వాడకండి. 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ ఒకటి పెట్టించండి. మొత్తం ఖర్చులో చెవికి ఎక్కువ సుఖమిచ్చేది ఇదే, కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు.

12. టవర్ కూలర్ కొనే ముందు దాని ఎత్తు, క్యాబినెట్‌లో పట్టే ఎత్తు రెండూ సరిచూడండి. ఉదాహరణకి డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 మి.మీ.; క్యాబినెట్ సన్నగా ఉంటే పక్క తలుపు మూసుకోదు.

13. నీళ్లతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ జోలికి పోకండి. 65 వాట్ల ప్రాసెసర్‌కి అంత హంగు ఎందుకు? పైగా దానికి పంపు ఒకటి, ఆ పంపు మోత ఒకటి.

14. ఎస్ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, దాని దగ్గర మాత్రం అస్సలు రాజీపడకండి. క్యాబినెట్‌తో కలిపి ఫ్రీ అని ఇచ్చే తేలికపాటి డబ్బా వద్దని చెప్పి, 80 ప్లస్ బ్రాంజ్ గానీ గోల్డ్ గానీ ఉన్న మంచి కంపెనీది 450 నుంచి 550 వాట్లది విడిగా తీసుకోండి. అది వేడెక్కదు, దాని ఫ్యాన్ ఉన్నట్టే తెలియదు, కరెంటు హెచ్చుతగ్గులొచ్చినా మిగతా సామాన్లను కాపాడుతుంది.

15. ఇంకో వెయ్యో రెండు వేలో పెట్టగలిగితే, లోడు తక్కువున్నప్పుడు ఫ్యాన్ తిరగని ఎస్ఎంపీఎస్‌లు ఉన్నాయి. మీటింగుల్లో మైకు దగ్గర మోత వద్దనుకునేవాళ్లకి బాగా పనికొస్తాయి.

16. మదర్‌బోర్డు మీద నాలుగు పిన్నుల ఫ్యాన్ సాకెట్లు మూడైనా ఉండాలి, ఫ్యాన్లు కూడా నాలుగు పిన్నులవే కొనండి. అప్పుడే వాటి వేగం మీ చెప్పుచేతల్లో ఉంటుంది.

17. ర్యామ్ 16 జీబీ కావాలంటే ఒకే 16 కాకుండా 8 చొప్పున రెండు పెట్టించండి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి దీంతో చురుకుదనం వస్తుంది, పైసా అదనంగా పెట్టి కార్డు కొనాలన్న కోరిక పుట్టదు.

18. రంగురంగుల లైట్ల ఫ్యాన్లకు పెట్టే డబ్బు మంచి బేరింగ్ ఉన్న మామూలు ఫ్యాన్‌కి పెట్టండి. లైటు చెవికి వినపడదు, అరిగిన బేరింగ్ మాత్రం వీధిలోకి వినపడుతుంది.

19. ఆస్ట్రియా వాళ్ల నాక్టువా ఫ్యాన్ల గోధుమరంగు చూసి మొహం తిప్పుకోకండి, వాటికి 6 ఏళ్ల వారంటీ ఉంది. అంత పెట్టలేమంటే ఆర్కిటిక్ పి12 ఐదు కలిపిన ప్యాక్ అడిగి పక్కింటివాళ్లతో పంచుకోండి, విడిగా కొనేకన్నా చవక.

20. అసలు ఇంత తంటా వద్దు అనేవాళ్లకి ఇంకో దారి: పెద్ద ఆఫీసులు వాడి తీసేసిన అరచేతి డబ్బాలు, అంటే డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. వీటిలో చాలావాటికి 35 వాట్ల ప్రాసెసర్లే ఉంటాయి, మానిటర్ వెనక దాక్కుంటాయి, కొత్తదానిలో సగం డబ్బు కూడా పడదు.

21. అలాంటి పాతది కొంటే ఇంటెల్ 8వ తరం గానీ ఆ తర్వాతది గానీ చూసుకోండి, విండోస్ 11 దాని మీదే సవ్యంగా ఎక్కుతుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఆ మాట దాచి అమ్మేవాళ్లున్నారు.

లిస్టు తయారైందా? ఇక బజారుకి.

22. హైదరాబాద్ వైపు వాళ్లు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి వెళ్లండి. చెన్నైలో ఉన్నవాళ్లకి రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు. ఒకే లిస్టు మూడు షాపుల్లో ఇచ్చి రేట్లు రాయించుకోండి, మూడోవాడి దగ్గరికి వెళ్లేసరికి మొదటివాడి ధర ఎలా ఉందో తెలిసిపోతుంది.

23. ఆన్‌లైన్ ధర ఫోనులో తెరిచి చూపించి బేరమాడండి. ఫ్యాన్లు, కూలర్ లాంటివి షాపులో దొరక్కపోతే అవి మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించి, మిగతావి షాపులో తీసుకోండి.

24. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోకండి. 18 శాతం జీఎస్టీ కట్టిన బిల్లు, దాని మీద సీరియల్ నెంబర్లు ఉంటేనే రేపు వారంటీకి వెళ్లగలరు.

25. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలోదే అడగండి. ట్రే పీసు అని విడిగా చేతిలో పెట్టేది కాస్త చవకే కానీ, కంపెనీ వారంటీ దొరకడం కష్టం.

26. బిగించడం భయమనిపిస్తే షాపులోనే అసెంబుల్ చేయించండి. వాళ్లు బిగిస్తుంటే పక్కనే నిలబడి చూడండి, పాత సామాను కలిపేవాళ్ల చేయి ఆగుతుంది, మీకు పని కూడా వస్తుంది.

సామాన్లు ఇంటికొచ్చాయనుకోండి. మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక కూర్చుంటే సాయంత్రం టీ వేళకి అయిపోయే పనే ఇది.

27. నేత చీరో కాటన్ చుడీదారో కట్టుకుని, గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. బోర్డు ముట్టుకునే ముందు ఒకసారి ఎస్ఎంపీఎస్ ఇనుప డబ్బాని తాకండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు దిగిపోతుంది.

28. స్క్రూలన్నీ ఇడ్లీ ప్లేటులో ఒక్కో గుంటకి ఒక్కో రకం చొప్పున వేసుకోండి. చివర్లో ఏ స్క్రూ ఎక్కడిదో వెతుక్కునే అరగంట మిగులుతుంది.

29. ప్రాసెసర్ మూల మీద చిన్న త్రిభుజం గుర్తుంటుంది, సాకెట్ మీదా ఉంటుంది. రెండూ కలిపి వదిలేస్తే అదే కూర్చుంటుంది. వేలితో నొక్కారంటే పిన్నులు వంగి డబ్బు పోతుంది.

30. బోర్డులో నాలుగు ర్యామ్ గూళ్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టండి. రెండు చివర్లూ టక్కుమనేదాకా నొక్కాలి.

31. థర్మల్ పేస్ట్ శనగగింజంత చాలు, ప్రాసెసర్ మధ్యలో పెట్టి కూలర్ బిగిస్తే అదే పరుచుకుంటుంది. ఎక్కువ రాస్తే చల్లదనం పెరగదు, చుట్టూ కారి తుడుచుకోవడమే మిగులుతుంది.

32. కూలర్ అడుగున అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర తీశారో లేదో బిగించే ముందు చూసుకోండి. అది ఉండిపోతే ప్రాసెసర్ కాగిపోయి ఫ్యాన్ రోజంతా హోరెత్తుతుంది.

33. కూలర్ స్క్రూలు ఒకటే పూర్తిగా బిగించకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా తిప్పండి. ఒత్తిడి సమంగా పడుతుంది.

34. ఫ్యాన్‌కి ఒకవైపు ఆకులు విప్పారి కనపడతాయి, రెండోవైపు ప్లాస్టిక్ కడ్డీలు అడ్డం ఉంటాయి. గాలి కడ్డీల వైపు నుంచి బయటికి వస్తుంది. ముందు ఫ్యాన్ లోపలికి, వెనక ఫ్యాన్ బయటికి తోసేలా పెట్టండి.

35. ఫ్యాన్లకి స్క్రూల బదులు రబ్బరు పిన్నులు వాడండి, కొన్ని కంపెనీలు ఫ్యాన్‌తోపాటే ఇస్తాయి. ఫ్యాన్ వణుకు రేకుకి చేరదు, గ్యాస్ సిలిండర్ వ్యాను వెళ్తున్నట్టు గడగడలాడే శబ్దం ఉండదు.

36. ఎస్ఎంపీఎస్ అడుగున ఉండే క్యాబినెట్ అయితే, కింద జాలీ ఉంటే దాని ఫ్యాన్‌ని కిందికి తిప్పి బిగించండి. అది చల్లగాలి బయట నుంచే పీల్చుకుంటుంది. ఆ క్యాబినెట్‌ని తివాచీ మీద మాత్రం పెట్టకండి.

37. వైర్లన్నీ వెనక్కి లాగి జిప్ టైతో కట్టేయండి, లేదంటే పూలు కట్టే దారం చాలు. వేలాడే వైరు ఫ్యాన్ ఆకుకి తగిలి టకటకమనడం చాలా ఇళ్లలో కనిపించే జబ్బు.

38. పక్క తలుపు మూయకముందే ఆన్ చేసి చూడండి, అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయా లేదా అని. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మానిటర్ వైరు మదర్‌బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐకే పెట్టాలి, కార్డు ఉంటే కార్డుకే.

ఇప్పుడు చెప్పబోయేవి పైసా ఖర్చులేనివి. చాలామంది ఇవి చేయరు, అందుకే మంచి సామాను కొన్నా మోత తగ్గలేదని వాపోతారు.

39. ఆన్ అవుతుండగా డిలీట్ బటన్ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి (కొన్నిట్లో ఎఫ్2). ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అని ఉంటుంది. అక్కడ 60 డిగ్రీలు దాటేదాకా ఫ్యాన్ వేగం ఒకే తీరున నెమ్మదిగా ఉండేలా గీత సమంగా లాగి, ఆ తర్వాతే పైకి ఎక్కించండి.

40. అక్కడే వేగం మారడానికి కొన్ని సెకన్లు ఆగేలా పెట్టే వీలుంటుంది, పెట్టేయండి. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ బుస్సుమని లేచి, మళ్లీ పడుకోవడం ఆగుతుంది. స్థిరంగా ఉన్న సన్నని శబ్దాన్ని చెవి మరిచిపోతుంది, పెరిగి తగ్గేదాన్ని మరవదు.

41. రైజెన్ వాడేవాళ్లు బయోస్‌లో ఎకో మోడ్ ఉందేమో చూసి వేసుకోండి. వేగంలో తేడా ఎక్సెల్‌లో తెలియదు, వేడిలో మాత్రం తెలుస్తుంది.

42. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనేది కనిపిస్తే 100ని 99 చేయండి. మన కంప్యూటర్లలో చాలావాటికి దీంతో టర్బో, అంటే ప్రాసెసర్ అదనపు వేగం, ఆగి, మే నెల మధ్యాహ్నం కూడా ఫ్యాన్ సద్దుమణుగుతుంది.

43. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి అప్పుడప్పుడు ఉష్ణోగ్రత చూడండి. గట్టి పనిలో 80 లోపుంటే కంగారు లేదు, ఇంకా చల్లగా ఉండాలని ఫ్యాన్ వేగం పెంచకండి.

44. యాంటీవైరస్ స్కాన్‌ని మీరు భోంచేసే వేళకి పెట్టుకోండి. మీటింగు మధ్యలో కంప్యూటర్ ఎందుకు హోరెత్తుతోందా అని వెతుక్కోనక్కర్లేదు.

45. క్యాబినెట్‌ని టేబులు మీద చెవి పక్కన కాకుండా కింద, కూర్చునే చోటికి అవతలి పక్కన పెట్టండి. ఆ రెండడుగుల దూరానికే మోత సగం తగ్గినట్టుంటుంది.

46. తలుపులున్న టేబులు అరలో మాత్రం దాన్ని మూసిపెట్టకండి. మోత దాచినట్టే ఉంటుంది, పది నిమిషాలకి లోపలి గాలి వేడెక్కి ఇంకా గట్టిగా అరుస్తుంది.

47. పాత హవాయి చెప్పుల అడుగు ముక్కలు నాలుగు కోసి క్యాబినెట్ నాలుగు కాళ్ల కింద పెట్టండి. వణుకు నేలకి, టేబులుకి పాకదు; బజారులో అమ్మే మ్యాట్ ఖర్చు మిగిలింది.

48. వెనక గోడకి జానెడు ఖాళీ వదలండి. పడమటి కిటికీ ఎండ పడే మూల వద్దు, ఎందుకంటే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపల కూడా దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతాయి.

49. వంటింటి పోపు పొగ, దేవుడి గది అగరుబత్తి పొగ తగిలే చోట పెట్టకండి. నూనె జిడ్డుకి దుమ్ము అంటుకుంటే ఫ్యాన్ ఆకులు బరువెక్కి ఊగుతాయి, ఆ మురికి దులిపినా వదలదు.

50. ఉత్త గోడలు, టైల్స్ ఉన్న గదిలో చిన్న శబ్దం కూడా ఖంగుమంటుంది. మందపాటి కర్టెన్, బట్టల బీరువా, పుస్తకాల అర ఏది ఉంటే అది టేబులు ఎదురుగోడకి జరపండి.

51. కంప్యూటర్ నెమ్మదించాక మొదట వినపడేది నెత్తి మీది సీలింగ్ ఫ్యానే. దాన్ని మార్చే పని పడినప్పుడు బీఎల్‌డీసీ రకం పెట్టించండి. పాతది 75 వాట్ల దాకా లాగితే ఇది 30, 35 వాట్లతో సరిపెట్టుకుంటుంది, మోత కూడా తక్కువ.

52. కీబోర్డు టకటకలాడే మెకానికల్ రకం వద్దు, మామూలు మెత్తటిది చాలు. సైలెంట్ క్లిక్ మౌసులు దొరుకుతున్నాయి, పిల్లాడిని నిద్రపుచ్చి పని చేసుకునేవాళ్లకి వరం.

53. యూపీఎస్ కరెంటు పోయినప్పుడల్లా కూతపెడుతుంటే, చాలావాటిలో బటన్ ఒకసారి నొక్కితే నోరు మూస్తుంది. వాడుక పుస్తకం చూడండి. మనం కట్టిన ఈ కంప్యూటర్‌కి 600 వీఏ యూపీఎస్ చాలు, ఫైళ్లు సేవ్ చేసుకుని ఆపేసేంత వ్యవధి ఇస్తుంది.

54. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి వేయండి, కరెంటు మారేటప్పుడు కంప్యూటర్ ఆగదు. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు జుమ్మంటాయి, కొత్తది కొనేటప్పుడు సైన్‌వేవ్‌దే అడగండి.

55. క్యాబినెట్ ముట్టుకుంటే వేలికి జివ్వుమంటోందా? మూడో పిన్ను ఎర్తింగ్ సరిగ్గా లేనట్టే, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

56. ముందు జాలీ ఫిల్టర్‌ని నెలకోసారి కుళాయి కింద కడిగి, నీడన ఆరనిచ్చి పెట్టండి. దుమ్ము పట్టిన ఫిల్టరే ఫ్యాన్ అరుపుకి సగం కారణం.

57. బ్లోయర్‌తో దులిపేటప్పుడు ఫ్యాన్ ఆకుని వేలితో పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది; దులపడం బాల్కనీలో, ముక్కుకి గుడ్డ కట్టుకుని.

58. వెనక ఖాళీ స్లాట్ల రేకులు పారేయకుండా బిగించే ఉంచండి. మన ఇళ్లలో బల్లులు, బొద్దింకలు వెచ్చదనానికి నేరుగా లోపలికే వస్తాయి, ఎస్ఎంపీఎస్‌లో బల్లి పడిందంటే రిపేరు ఖర్చే.

59. కొత్తగా ఏదో చప్పుడు మొదలైతే కంగారుపడి ఫ్యాన్లన్నీ మార్చకండి. ముందు క్యాబినెట్ పక్క రేకుని అరచేత్తో అదమండి, ఆగిపోతే రేకు వదులైందన్నమాట, మధ్యలో చిన్న స్పాంజి ముక్క దూర్చండి. ఆగకపోతే వార్తాపత్రికని గొట్టంలా చుట్టి ఒక చివర చెవికి పెట్టుకుని ఒక్కో ఫ్యాన్ దగ్గర వినండి, దొంగ దొరుకుతాడు.

60. హార్డ్ డిస్క్ నుంచి టిక్ టిక్ అని వినపడితే మాత్రం మరో పని చేయకండి, ముందు ఫొటోలు ఇంకో చోటికి కాపీ చేసుకోండి.

61. ఫ్యాన్లు ఆగినా సన్నగా కీచుమనే శబ్దం వస్తుంటే అది కాయిల్ వైన్, గ్రాఫిక్స్ కార్డు నుంచో ఎస్ఎంపీఎస్ నుంచో వస్తుంది. దుమ్ము దులిపితే పోదు; వారంటీలో ఉంటే మార్చమని అడగండి.

62. మూడు నాలుగేళ్లకోసారి కూలర్ విప్పి, పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి కొత్తది రాయండి. కొత్తగా కొన్నప్పటి చల్లదనం తిరిగొస్తుంది.

63. పాత కంప్యూటరే మోత పెడుతోందా? కొత్తది కొనే ముందు దుమ్ము, పేస్ట్, బయోస్‌లో ఫ్యాన్ గీత ఈ మూడూ చూసి, అప్పటికీ తగ్గకపోతే ఒక టవర్ కూలర్, ఒక ఎస్ఎస్‌డీ వేయండి. చాలావాటికి అంతకు మించి ఖర్చు పడదు.

64. కరెంటు బిల్లు లెక్క కూడా చెప్పేస్తాను: 100 వాట్లు పది గంటలు వాడితే ఒక యూనిట్. కార్డు లేని 65 వాట్ల కంప్యూటర్ ఆఫీసు పనిలో, మానిటర్‌తో కలిపినా అంతకన్నా బాగా తక్కువే లాగుతుంది. మీ ఇంట్లో ఎంతో తెలియాలంటే ఎలక్ట్రికల్ షాపులో దొరికే ప్లగ్ మీటర్ ఒకటి మధ్యలో పెట్టి చూడండి, అదే మీటరు ఫ్రిజ్‌కి, గీజర్‌కి కూడా పనికొస్తుంది.